జీనువాయి పిట్టలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడి గడ్డి వెన్ను తీసే రోజుల్లో "మా కుండీలోకి ఎవరో చిన్న పిట్ట గడ్డి మోసుకొస్తోంది, పేరేమిటి?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. చాలాసార్లు అది జీనువాయే. మునియా అన్నా అదే. ఇక్కడున్న జవాబులు ముఖ్యంగా మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే చుక్కల జీనువాయి గురించి. దాని చుట్టాల సంగతి అవసరమైన చోట చెప్పాను.

చుక్కల జీనువాయి ఎలా ఉంటుంది?

కొలిస్తే 11, 12 సెంటీమీటర్లు. బరువు 12 నుంచి 16 గ్రాములు, అంతే. వీపు, రెక్కలు గోధుమరంగు. ముఖం, గొంతు ముదురు, ఇంచుమించు చాక్లెట్ రంగు. గుర్తుపట్టడానికి అసలైన ఆనవాలు ఛాతీ. తెల్లటి ఈకల అంచులకి గోధుమరంగు గీత ఉండటం వల్ల ఛాతీ మీద, పక్కల మీద పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. పొట్ట మధ్య తెలుపు. తోక దగ్గర ఎండ పడితే పసుపు ఛాయ తేలుతుంది. ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా, నల్లగా ఉంటుంది. ఆ ముక్కు చూస్తేనే గింజల పిట్ట అని తెలిసిపోతుంది.

దూరం నుంచి చూస్తే ఇవేవీ కనిపించవు, ఒట్టి గోధుమరంగు పిట్టే. అందుకే చాలామంది పిచ్చుక అనుకుని వదిలేస్తారు. బైనాక్యులర్స్ లేకపోయినా, పొద్దున ఎండ దాని ఛాతీ మీద పడేలా నిలబడి చూడండి.

పిచ్చుకకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఊరపిచ్చుక దీనికన్నా పెద్దది, దాదాపు 15 సెంటీమీటర్లు. వీపు మీద నల్లటి చారలుంటాయి. మనుషుల మధ్య, అరుగుల మీద, కిరాణా కొట్ల ముందు తిరుగుతుంది. జీనువాయి అంత చనువు చెయ్యదు, గడ్డి ఉన్నచోటే తిరుగుతుంది. సన్నటి గడ్డికాడ మీద పిట్ట వాలితే ఆ కాడ విరక్కుండా వంగి ఊగుతోందంటే, అది చాలావరకు జీనువాయే అయ్యుంటుంది. కొమ్మ మీద గెంతేటప్పుడు తోకనీ రెక్కలనీ ఠక్కుఠక్కుమని విదిలించే అలవాటు కూడా దీనికుంది.

ఆడా మగా ఎలా గుర్తుపట్టాలి?

రంగుని బట్టి చెప్పడం కష్టం. మగదాని గొంతు కొంచెం ముదురుగా, ముక్కు కొంచెం లావుగా ఉంటాయంటారు గానీ, పక్కపక్కన కూర్చుంటే తప్ప తెలియదు. పాట పాడుతుంటే మాత్రం అది మగదే.

గుంపులో పొలుసులు లేని, మట్టిరంగు పిట్టలు కొన్ని ఉన్నాయి. వేరే జాతా?

కాదు, ఆ ఏడాది పిల్లలు. ఒళ్లంతా లేత గోధుమరంగుగా, ఏ గుర్తూ లేకుండా ఉంటాయి. ఈకలు మార్చుకున్నాక పొలుసులు వస్తాయి. మధ్యలో సగం పొలుసులు, సగం మట్టిరంగుతో కనిపించే పిల్లల్ని చూసి కొత్త పక్షి దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది. నల్లతల జీనువాయి పిల్లలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. కాబట్టి పిల్ల ఒంటరిగా కనిపిస్తే పేరు పెట్టడానికి తొందరపడకండి, గుంపులో పెద్దవి ఏవో చూసి నిర్ణయించుకోండి.

మన దగ్గర ఇంకా ఏ జీనువాయిలున్నాయి?

మెట్ట ప్రాంతాల్లో, సర్కారు తుమ్మల మధ్య, రాళ్ల దిబ్బల దగ్గర ఎక్కువగా తిరిగేది తెల్లగొంతు జీనువాయి. లేత మట్టిరంగు ఒళ్లు, వెండిలా బూడిదరంగు ముక్కు, మొనదేలిన నల్లటి తోక. రాయలసీమలో, తెలంగాణ చెలకల్లో చుక్కలదానికన్నా ఇదే ఎక్కువ కనిపిస్తుంది.

నల్లతల జీనువాయికి తల పూర్తిగా నలుపు, వీపు ఇటుకరంగు, పక్కలు తెలుపు. దీనికి తడి కావాలి. వరి పొలాలు, తుంగ, జమ్ము ఉన్న చెరువులు దాని తావులు. తెల్లనడుం జీనువాయి ముదురు గోధుమరంగుది, ఎగిరినప్పుడు నడుం మీద తెల్లటి పట్టీ మెరుస్తుంది. అడవి అంచుల్లో, కొండ ప్రాంతాల్లో చూడొచ్చు.

వీటన్నిటిలోకీ అందమైనది ఎర్ర జీనువాయి. పది సెంటీమీటర్ల పిట్ట. జతకట్టే కాలంలో మగదాని ఒళ్లు కుంకుమ ఎరుపు, దాని మీద ముత్యాల్లాంటి తెల్ల చుక్కలు. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టు పొదల్లో దీన్ని చూడటానికి కెమెరాలు పట్టుకుని జనం వెళ్తుంటారు.

ఎర్ర జీనువాయి ఎండాకాలంలో ఎటు పోతుంది?

ఎటూ పోదు, ఎరుపు పోతుందంతే. జతకట్టే కాలం అయిపోగానే మగది ఈకలు మార్చుకుని ఆడదానిలా గోధుమరంగుకి వస్తుంది. ఈ కుటుంబంలో ఇలా కాలాన్ని బట్టి వేషం మార్చడం చాలా అరుదు. ముక్కు రంగు కూడా మారుతుంది. మే నుంచి ఎర్రబడటం మొదలై నవంబరు, డిసెంబరుకి ముదురు ఎరుపవుతుంది, ఏప్రిల్ కల్లా నల్లబడుతుంది. వేసవిలో తుంగలో గోధుమరంగు బుల్లి పిట్టలు కనిపిస్తే నడుం మీద ఎర్రటి మచ్చ, రెక్కల మీద తెల్ల చుక్కలు ఉన్నాయేమో చూడండి.

దీని అరుపు ఎలా ఉంటుంది? పాట పాడుతుందా?

ఎగిరేటప్పుడు "కిటీ... కిటీ" అన్నట్టు రెండు ముక్కల పిలుపు. గుంపు లేచిందంటే ముందు ఆ పిలుపే వినిపిస్తుంది. పాట కూడా పాడుతుంది, కానీ మరీ మెల్లగా. మగది నిటారుగా కూర్చుని తల ఈకలు పొంగించి పాడుతుంటే గొంతు కదలడం కనిపిస్తుంది, శబ్దం మాత్రం అందదు. దగ్గరికెళ్లి వింటే సన్నటి స్వరాలు కలగలిసి వినిపిస్తాయి.

ఏం తింటుంది?

ప్రధానంగా గడ్డి గింజలు. ఊదగడ్డి, గినీ గడ్డి లాంటివి కంకి వేస్తే చాలు, కబురు పెట్టినట్టు వచ్చేస్తాయి. చిరుధాన్యాలు, వరి కూడా తింటాయి. అప్పుడప్పుడు చిన్న పళ్లు కూడా.

తినే తీరు దగ్గర నుంచి చూడాల్సిందే. పిట్ట కాడ మొదట్లో వాలి, కాళ్లతో పట్టుకుంటూ పైకి పాకుతుంది. బరువుకి కాడ వంగి కంకి ముఖం దగ్గరికి వస్తుంది. ఒక్కో గింజని కంకి నుంచి లాగి ముక్కులో అడ్డంగా పెట్టుకుంటుంది. కింది దవడ కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. గింజ దొర్లుతుంది, పొట్టు చీలి పక్క నుంచి రాలిపోతుంది, పప్పు లోపలికి పోతుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు జరుగుతుంది, వెంటనే ఇంకో గింజ. పిట్ట లేచిపోయాక ఆ కాడ కింద చూస్తే సన్నటి పొట్టు రాలి ఉంటుంది. ఏ గడ్డి తింటోందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి రుజువు లేదు.

కంకి మీదే కాదు, నేల మీద రాలిన గింజలు కూడా ఏరుకుంటాయి. ఎండు గింజల తిండి కాబట్టి నీళ్లు తరచుగా తాగాలి. అందుకే గడ్డి దగ్గర్లో నీటి మడుగు ఉన్న చోట్లు వీటికి బాగా ఇష్టం.

పురుగులు అసలు తినవా?

తింటాయి, తక్కువ. పిచ్చుకలు, గిజిగాళ్లు పిల్లల కోసం పురుగులు తెగ మోస్తాయి. జీనువాయిలు మాత్రం ఎక్కువగా గింజల మీదే పిల్లల్ని పెంచుతాయి. పాలు పట్టిన లేత గింజల్ని మింగి, గొంతు సంచిలో నానబెట్టుకుని, గూటికొచ్చి పిల్లల నోట్లోకి కక్కుతాయి. అందుకే వీటి సంసారమంతా గడ్డి వెన్ను తీసే కాలంతో ముడిపడి ఉంటుంది. తెల్లనడుం జీనువాయిలు మలేసియా వరి మడుల్లో పీచులాంటి పచ్చటి నాచుని కూడా తింటాయని గమనించారు. నాచులో మాంసకృత్తులు ఎక్కువ, పురుగుల లోటు అలా తీర్చుకుంటాయన్నమాట.

ఎప్పుడూ గుంపుగానే ఎందుకుంటాయి?

గింజలు ఒకచోట బోలెడు ఉంటాయి, ఇంకోచోట అసలుండవు. ఎక్కడున్నాయో వెతకడం ఒక్క పిట్ట కన్నా గుంపుకి తేలిక. జాలెడేగ వస్తే ముందుగా చూసే కళ్లు కూడా ఎక్కువ.

ఇందులో ఇంకో విశేషముంది. నేల మీద మేసే గుంపులో అందరూ ఒకేలా కష్టపడవు. కొన్ని తల దించుకుని గెంతుతూ గింజలు వెతుకుతాయి, కొన్ని తల ఎత్తి గెంతుతూ పక్కవాళ్లకి ఎక్కడ దొరికిందో చూసి అక్కడ చేరిపోతాయి. కెనడా శాస్త్రవేత్తలు ఇదే చుక్కల జీనువాయి మీద ప్రయోగాలు చేసి, తల ఎలా పెట్టుకుని గెంతుతోందో చూస్తే ఆ పిట్ట ఉద్దేశం చెప్పొచ్చని తేల్చారు. ఈసారి మైదానంలో గుంపు దిగితే తలల వైపు చూడండి. ఒక్క పిట్టే కాసేపు ఆ పని, కాసేపు ఈ పని చెయ్యడం కూడా కనిపిస్తుంది.

పంటకి నష్టం చేస్తాయి కదా?

చేస్తాయి, అది దాచాల్సిన పనిలేదు. కొర్ర, సామ, ఊద, వరి పాలు పట్టే దశ నుంచి కోత దాకా గుంపులు దిగుతాయి. ఊరంతటికీ ఒక్కరే కొర్ర వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఒక్క చేలోనే వాలతాయి. ఇప్పుడు చిరుధాన్యాలు తిరిగి వేస్తున్న రైతుల పెద్ద బాధ ఇదే. పూర్వం ఊరంతా అవే వేసేవారు కాబట్టి నష్టం అందరికీ తలా కొంచెం పంచబడేది, పైగా మంచె ఎక్కి వడిసెల తిప్పే మనుషులుండేవారు.

చెయ్యదగ్గవి కొన్నున్నాయి. ఇరుగుపొరుగు రైతులు ఒకేసారి విత్తుకోవాలి. మెరుపు రిబ్బన్లని మెలితిప్పి చేను మీదుగా కట్టాలి, గాలికి మెరుస్తూ చప్పుడు చేస్తాయి. కంకి పాలు పట్టక ముందే కట్టేస్తే పిట్టలు అలవాటు పడిపోతాయి, కాబట్టి సమయం చూసుకోవాలి. పొద్దున, సాయంత్రం మనిషి కాపలాకి సాటి లేదు. సన్న నైలాను వలలు మాత్రం వద్దు. వాటిల్లో ఇరుక్కుని జీనువాయిలే కాదు, పురుగులు తినే పాలపిట్టలు, గుడ్లగూబలు కూడా చస్తాయి. గట్ల మీద గడ్డి మొత్తం మందు కొట్టి మాడ్చేస్తే పిట్టలు పోతాయనుకోవడం పొరపాటు. గట్టు మీద తినడానికి ఏమీ లేకపోతే చేలోకే దిగుతాయి.

గూడు ఎక్కడ, ఎలా కడుతుంది?

గుండ్రంగా, పైకప్పుతో, పక్క నుంచి ద్వారం ఉన్న గడ్డి బంతి కడుతుంది. పిట్ట ఇంతే, గూడు మాత్రం కొబ్బరిబోండాం అంత. ఆడా మగా ఇద్దరూ మోస్తారు. పొడవాటి గడ్డి పోచ మొదలుని ముక్కున కరుచుకుని ఎగురుతుంటే వెనకాల ఆ పోచ తోకలా తేలుతూ వస్తుంది. బయటి గోడకి ముతక గడ్డి ఆకులు, లోపల మెత్తటి గడ్డి వెన్నులు. కొన్ని గూళ్లకి ద్వారం పైన వెన్నులు ముందుకి చొచ్చుకొచ్చి చూరులా ఉంటాయి. గిజిగాడిలా ముడులు వేసి అల్లదు. పోచ మీద పోచ చుట్టి, దోపి, ఒళ్లు తిప్పి లోపల చోటు చేసుకుంటుంది. బయటికి చెత్త కుప్పలా కనిపిస్తుంది, అదే దానికి రక్ష. తోటపని చేసేవాళ్లు చెత్తనుకుని తీసిపారేసేది కూడా ఇందుకే.

దక్షిణాదిలో నరమామిడి, సర్కారు తుమ్మ, సండ్ర, దంతి, కొండకసింద లాంటి వాటి మీద గూళ్లు నమోదయ్యాయి. ముళ్లున్నవాటిని ఇష్టపడటానికి కారణం చెప్పనక్కర్లేదు. ఇళ్ల దగ్గరైతే కాగితంపూల తీగ, గుబురు క్రోటన్లు, వేలాడే కుండీలు, చూరు కింద సందులు. ఒకే చెట్టు మీద రెండు మూడు జంటలు కట్టడమూ ఉంది.

గిజిగాడి గూటిలో జీనువాయి కనిపించింది. ఆక్రమించిందా?

అది తెల్లగొంతు జీనువాయి అయ్యుంటుంది. గిజిగాళ్లు వదిలేసిన పాత గూళ్లలో గుడ్లు పెట్టడం దానికి బాగా అలవాటు. కొంచెం మెత్తటి సామగ్రి వేసుకుని సర్దుకుంటుంది. రాత్రిళ్లు నాలుగైదు కలిసి అలాంటి గూళ్లలో పడుకుంటాయి కూడా. కాబట్టి సీజను అయిపోయిందని ఈత చెట్టు నుంచి గిజిగాడి గూళ్లు కోసుకొచ్చి హాల్లో వేలాడదీయకండి. అవి ఖాళీ ఇళ్లు కావు.

గుడ్లు ఎప్పుడు, ఎన్ని పెడుతుంది?

మన దగ్గర ముఖ్యంగా వానాకాలం. తొలకరి తర్వాత గడ్డి ఎదిగి వెన్ను తీసేనాటికి జతలు కడతాయి. వానలు ఆలస్యమైతే ఇవీ ఆలస్యం చేస్తాయి. తెల్లటి గుడ్లు, మామూలుగా నాలుగు నుంచి ఆరు, అప్పుడప్పుడు ఇంకా ఎక్కువ. తల్లీతండ్రీ వంతులవారీగా పొదుగుతారు, సుమారు రెండు వారాల్లో పిల్లలు వస్తాయి. ఆ తర్వాత మూడు వారాల లోపే ఎగిరిపోతాయి.

చీకటి గూటిలో పిల్లలకి తిండి ఎలా అందిస్తాయని ఒకరు అడిగారు. పిల్లల నోటి లోపల ముదురు రంగు గుర్తులుంటాయి, నోరు తెరవగానే అవి కనిపిస్తాయి. తిండి ఎక్కడ పెట్టాలో తల్లికి అవే చూపిస్తాయి.

మా బాల్కనీ కుండీలో గూడు పెట్టింది. ఏం చెయ్యాలి?

చెయ్యాల్సింది తక్కువ, మానాల్సినవి ఎక్కువ. కుండీని జరపకండి. మొక్కకి నీళ్లు మొదట్లోనే, మెల్లగా పొయ్యండి, పైపుతో చిమ్మొద్దు. కొమ్మలు కత్తిరించొద్దు. ద్వారంలో వేలు పెట్టడం, ఫోను ఫ్లాష్ వేసి లోపల ఫొటోలు తియ్యడం అసలొద్దు. గూడు కడుతున్న మొదటి రోజుల్లో ఎక్కువ కదిలిస్తే జంట వదిలేసి వెళ్లిపోతుంది. రాత్రి బాల్కనీ లైటు ఆపేయండి. పిల్లి తిరిగే ఇల్లయితే ఎక్కడానికి వీలున్న స్టూలు, డబ్బాలు పక్కకి తీసేయండి. మొత్తం ఐదారు వారాల వ్యవహారం. ఆ తర్వాత కుండీ మళ్లీ మీదే.

పిల్ల కింద పడింది, ఇంటికి తెచ్చి పెంచొచ్చా?

ఈకలు వచ్చి, గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. పిల్లికి అందని పొదలో పెట్టి దూరంగా వచ్చేయండి, పెద్దవి వచ్చి మేపుతాయి. ఈకలు రాని పిల్లయితే గూట్లో తిరిగి పెట్టండి. మనిషి చెయ్యి తగిలిందని తల్లి వదిలేయదు. పాలు, నానబెట్టిన బిస్కెట్లు నోట్లో పొయ్యకండి, ఊపిరాడక చచ్చిపోతుంది. దెబ్బ తగిలితే గాలి తగిలే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖకో, దగ్గర్లోని జంతు రక్షకులకో కబురు చెయ్యండి.

గింజలు పెట్టి రప్పించొచ్చా?

సామలు, కొర్రలు, సజ్జలు పొట్టుతోనే పెట్టొచ్చు. వండిన అన్నం, ఉప్పు తగిలిన చిరుతిళ్లు వద్దు. పళ్లెం రోజూ కడగాలి, తడిసి బూజు పట్టిన గింజలు వాటికి విషం. లోతు తక్కువ మట్టి మూకుడులో నీళ్లు పెడితే గింజల కన్నా ఎక్కువ ఉపకారం. కోనసీమలో వరికంకులతో కుచ్చులు అల్లి చూరుకి కట్టే ఆచారం ఉంది. పొలాలు దగ్గరగా ఉన్న ఇళ్లలో ఆ కుచ్చుల మీదికి పిచ్చుకలతో పాటు ఇవి కూడా వస్తాయి.

అయితే నా మాట వినేవాళ్లకి ఒకటే చెబుతాను. పళ్లెం కన్నా గడ్డి మేలు. పెరట్లోనో, అపార్ట్‌మెంట్ ప్రహరీ పక్కనో, స్కూలు ఆటస్థలం అంచునో నాలుగు గజాల జాగా కొయ్యకుండా వదలండి. వానాకాలమంతా వదిలి, గింజ రాలాక కోసుకోండి. గింజా అదే ఇస్తుంది, గూటికి పోచా అదే ఇస్తుంది, మీరు ఊరెళ్లినా ఆగదు. కాలనీ సంఘాలు పాములొస్తాయని భయపడి ప్రతి ఖాళీ స్థలాన్నీ గొరిగించేస్తున్నాయి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. నడక దారుల పక్కన కోసి, జనం తిరగని మూలన వదిలితే రెండూ కుదురుతాయి.

పంజరంలో పెంచుకోవచ్చా? దుకాణాల్లో అమ్ముతున్నారు కదా?

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు జీనువాయిల్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. దుకాణాల్లో ఫించ్‌లని మామూలుగా అమ్మే చారల పిట్టలు ఆస్ట్రేలియా జాతివి, పంజరాల్లోనే తరతరాలుగా పుట్టినవి. వాటి చాటున మన పిట్టల్ని కూడా కలిపి అమ్ముతుంటారు. పచ్చ, గులాబి, పసుపు రంగులు పులిమి విదేశీ పిట్టలని చెప్పే మోసం కూడా ఉంది. ఆ రంగు కింద ఉండేది మన జీనువాయే. జాలిపడి కొని వదిలేసినా, ఆ డబ్బుతో మళ్లీ వల పడుతుంది. కొనకుండా అటవీశాఖకి చెప్పడమే సరైన పని. ఇలా వలల పాలయ్యే వాటిలో ఎర్ర జీనువాయి ముందుంటుంది. ఎక్కువగా మధ్య భారతంలో ఉండే పచ్చ జీనువాయి అయితే ముఖ్యంగా ఈ పంజరాల వ్యాపారం వల్ల ప్రమాదంలో పడింది.

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. ఇక్కడ అచ్చం ఇలాంటి పిట్టే కనిపించింది. నిజమేనా?

నిజమే. పంజరాల కోసం తీసుకెళ్లినవి తప్పించుకుని టెక్సాస్, దక్షిణ కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో స్థిరపడ్డాయి. హవాయిలో 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోనూ ఉన్నాయి. హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పార్కుల్లో, కాలవ గట్ల మీద గడ్డి గింజ పట్టిన చోట వెతకండి. పెరట్లో గింజల పళ్లెం ఉంటే అక్కడికీ వస్తాయి. అక్కడి పుస్తకాల్లో స్కేలీ బ్రెస్టెడ్ మునియా అని, పాత వాటిలో నట్‌మెగ్ మానికిన్ అని ఉంటుంది. చూసినప్పుడు ఈబర్డ్‌లో (ఎవరైనా తాము చూసిన పక్షుల వివరాలు రాసే వెబ్‌సైటు) నమోదు చెయ్యండి, పిల్లలు కూడా ఉంటే ఆ మాట తప్పకుండా రాయండి. కొత్త చోట నిజంగా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయా అన్నది అలాంటి నమోదుల వల్లే తెలుస్తుంది.